మోగ్లీ అడవి, అమెరికా విమర్శకులు

అమెరికాలో పిల్లల్ని పెంచిన తెలుగువాళ్ళ ఇళ్ళలోకి 'ది జంగిల్ బుక్' వీడియో కాసెట్ ఎలా వచ్చి చేరిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. ఎవరో పుట్టినరోజుకి ఇచ్చి ఉంటారు, లేకపోతే ఏ గరాజ్ సేల్‌లోనో డాలరుకి దొరికి ఉంటుంది. డిస్నీ వాళ్ళు దాన్ని 1991లో వీడియోగా విడుదల చేశారు. నేనెరిగిన ఇళ్ళన్నిట్లోనూ అది అరిగిపోయేదాకా తిరిగింది. జంతువులు మాట్లాడతాయి, పాటలున్నాయి, 78 నిమిషాల్లో అయిపోతుంది, తల్లిదండ్రులు ఛానెల్ మార్చాల్సిన ఘట్టాలు లేవు. పైగా అది ఇండియా కథ. పిల్లలు అమెరికన్ బొమ్మల సినిమా చూస్తున్నారనే బెంగ, మన దేశం కథే కదా అనే సమాధానం, రెండూ ఆ ఒక్క కాసెట్‌లోనే దొరికేవి మనకి.

నిజంగా అది ఇండియా కథేనా అన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక, ఈ దేశపు విమర్శకులు ఆ సినిమా గురించి ఏమన్నారో చూద్దామని పాత సమీక్షలూ, తర్వాత విశ్వవిద్యాలయాల వాళ్ళు రాసిన వ్యాసాలూ వెతుక్కుని చదివాను. ఒకచోట పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. యాభై ఏళ్ళలో సినిమాలో ఒక్క బొమ్మ కూడా మారలేదు. దాని మీద తీర్పులు మాత్రం, ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదేమో అనిపించేంతగా మారిపోయాయి.

సినిమా కంటే ముందు పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి. రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. చిన్నప్పుడే ఇంగ్లండు పంపించేశారు. పెద్దయ్యాక మళ్ళీ ఇండియా వచ్చి పత్రికల్లో పనిచేశాడు. 1892లో ఒక అమెరికన్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని వెర్మాంట్ రాష్ట్రంలో, బ్రాటిల్‌బరో ఊరి పక్కన కాపురం పెట్టాడు. కట్టుకున్న ఇంటికి 'నౌలఖా' అని పేరు పెట్టాడు. 'జంగిల్ బుక్' కథలు రాసింది అక్కడే, మంచు కురిసే ఆ కొండల్లో. 1894లో పుస్తకం అచ్చయింది. వెర్మాంట్‌లో పుట్టిన పెద్దకూతురు జోసెఫిన్‌కి తన చేత్తో రాసి ఇచ్చిన ప్రతి ఒకటి 2010లో ఇంగ్లండులోని ఒక పాత భవనంలో బయటపడింది. ఇండియాలో పుట్టిన తండ్రి, అమెరికాలో పుట్టిన కూతురికి, ఇక్కడి చలిలో కూర్చుని అక్కడి అడవి కథలు చెప్పడం! కిప్లింగ్ రాజకీయాలు మనకి సరిపడవు. సామ్రాజ్యం భుజాన మోసినవాడు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన మన కోవలోవాడే అనిపిస్తుంది నాకు.

కథ జరిగే చోటు మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవులు. కిప్లింగ్ ఆ అడవిని కళ్ళారా చూడలేదని పరిశోధకులు చెబుతారు. పుస్తకంలో పారే నది వైనగంగ. అది దిగువకి వచ్చి వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మోగ్లీ ఈదిన నీళ్ళే రాజమండ్రి రేవు దాటి సముద్రంలోకి పోతాయన్నమాట. మా పిల్లలకి ఈ సంగతి మ్యాపు మీద చూపించినప్పుడు సినిమాలోని పులి కంటే ఇదే వాళ్ళకి ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది.

జంతువులు మాట్లాడడం మనకి కొత్తకాదు. పంచతంత్రాన్ని చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా తెలుగులో పెట్టాక, మిత్రలాభం, మిత్రభేదం చదవకుండా బడి చదువు పూర్తికాని తరాలున్నాయి. కిప్లింగ్ కూడా ఈ బాకీ దాచుకోలేదు. ఒక అమెరికన్ రచయితకి రాసిన ఉత్తరంలో, జంతువుల కథలు ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నాయంటే అవి మరీ పాతవై అందరూ మరిచిపోవడం వల్లేనన్నాడు. బోధిసత్వుడి పూర్వజన్మ కథలని మెచ్చుకున్నాడు. ఇండియాలో వేటగాళ్ళు చెప్పే కథల్లోంచి ధారాళంగా ఎత్తుకున్నానని కూడా ఒప్పుకున్నాడు. అంటే జాతక కథలు, వేటగాళ్ళ కబుర్లు వెర్మాంట్ వెళ్ళి ఇంగ్లీషు పుస్తకమయ్యాయి. ఆ పుస్తకం కాలిఫోర్నియా వెళ్ళి బొమ్మల సినిమా అయింది. ఆ సినిమా కాసెట్టై మన ఇంటికొచ్చింది. ఇంత తిరుగుడులో ఏం మిగిలిందన్నదే ప్రశ్న.

డిస్నీ స్టూడియోలో మొదట బిల్ పీట్ అనే రచయిత కిప్లింగ్‌కి దగ్గరగా, కాస్త చీకటిగా, భయంగా ఉండే కథ తయారుచేశాడు. వాల్ట్ డిస్నీకి నచ్చలేదు. ఇద్దరికీ మాటపట్టింపు వచ్చి పీట్ 1964లో స్టూడియో వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత కథ పని అప్పగించిన లారీ క్లెమన్స్ చేతికి కిప్లింగ్ పుస్తకం ఇచ్చి, ముందు చెయ్యాల్సిన పని దీన్ని చదవకపోవడమే అన్నాడట డిస్నీ. ఈ కథ స్టూడియోలో అందరూ చెప్పుకునేదే. టెరీ గిల్కిసన్ కట్టిన పాటలు కూడా మరీ గంభీరంగా ఉన్నాయని తీసేసి షెర్మన్ సోదరుల చేత కొత్తవి రాయించారు. గిల్కిసన్ పాటల్లో ఒక్కటే మిగిలింది, ఎలుగుబంటి పాట. చివరికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఆ మిగిలినదానికే!

ఎలుగుబంటి బలూ మొదట చిన్న పాత్ర. రేడియో హాస్యనటుడు ఫిల్ హారిస్ గొంతు విన్నాక సినిమా నిండా పెంచారు. పుస్తకంలో బలూ అడవి ధర్మం నేర్పే ముసలి పంతులు. పాఠం మరిచిపోతే మోగ్లీకి దెబ్బలు కూడా పడతాయి. సినిమాలో ఆ పంతులుగారు వీపు గోక్కుంటూ తేనె నాకుతూ తిరిగే సోమరి మామయ్య అయిపోయాడు. పుస్తకంలో మోగ్లీని కాపాడే కొండచిలువ కా, సినిమాలో వాణ్ణి మింగబోయే విలన్. (పేర్ల గురించి ఒక మాట. హిందీ 'భాలూ' కిప్లింగ్ చేతిలో, డిస్నీ నోట్లో పడి మా ఇంటికి వచ్చేసరికి 'బాలు' అయింది. మాకు బాలు అనే బాబాయి ఉన్నాడు. ఆయన మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు పిల్లలు ఆయన్ని చూసి ఎందుకు నవ్వుతున్నారో చాలాసేపటిదాకా ఎవరూ చెప్పలేదు.)

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబర్ 15న చనిపోయాడు. ఆయన స్వయంగా పర్యవేక్షించిన ఆఖరి బొమ్మల సినిమా ఇది. 1967 అక్టోబర్ 18న విడుదలైంది. అందుచేత సమీక్షకుల మనసుల్లో సంతాపం ఉంది. టైమ్ పత్రిక, సినిమా కిప్లింగ్‌కి చాలా దూరం జరిగిందని చెబుతూనే, డిస్నీని తలుచుకోడానికి ఇంతకంటే సంతోషకరమైన దారి లేదన్న ధోరణిలో రాసింది. న్యూయార్క్ టైమ్స్‌లో హోవర్డ్ థాంప్సన్, చిక్కుముళ్ళు లేని సూటి సరదా అని మెచ్చుకున్నాడు. వెనకాల వేసిన అడవి రంగులు కూడా ఆయనకి నచ్చాయి. వెరైటీ పత్రికకి మాత్రం కథ నడక మందంగా అనిపించింది. చిన్నపిల్లలు మధ్యమధ్యలో కుర్చీలో కదులుతారేమో అంది. ఈ ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. మా ఇంట్లో కుర్చీలో కదిలింది నేనే.

వీళ్ళలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినవాడు రిచర్డ్ షికెల్. లైఫ్ పత్రికలో రాస్తూ, 1941 నాటి 'డంబో' తర్వాత ఈ తరహాలో వచ్చిన వాటిలో ఇదే ఉత్తమమని తీర్పు ఇచ్చాడు. పొట్టిగా, చురుగ్గా, భయపెట్టకుండా, సంస్కారం నటించకుండా ఉందని ఆయన మెప్పు. మామూలు అభిమాని మాటైతే పట్టించుకోనక్కర్లేదు. కాని ఇదే షికెల్ మరుసటి ఏడు, 1968లో, 'ది డిస్నీ వెర్షన్' అనే పుస్తకం వేసి, డిస్నీ అమెరికన్ బాల్యాన్ని సరుకుగా మార్చిన తీరుని చీల్చి చెండాడాడు. అంత పట్టుదల ఉన్న విమర్శకుడికి కూడా ఈ సినిమాలో అభ్యంతరం కనబడలేదు. ఎందుకు కనబడలేదు? అందరిలాగే ఆయన కూడా దీన్ని కిప్లింగ్‌తోనో పాత డిస్నీ సినిమాలతోనో పోల్చి చూశాడు. కిప్లింగ్‌కి న్యాయం జరిగిందా లేదా, వాల్ట్‌కి తగిన వీడ్కోలేనా కాదా, ఈ రెండే అప్పటి కొలబద్దలు. నేను చదివిన ఆనాటి సమీక్షల్లో, ఇది ఇండియాలో జరిగే కథ గనక ఇందులో ఇండియా ఎలా ఉందని అడిగినవాళ్ళు కనబడలేదు.

అడగడానికి మనుషులు కూడా ఉండాలి కదా! 1946 చట్టం ప్రకారం ఇండియా నుంచి ఏడాదికి 100 మందిని మాత్రమే వలస రానిచ్చేవారు. ఆ కోటాలు తీసేసిన చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ 1965 అక్టోబర్‌లో సంతకం పెట్టాడు. అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968 జూలైలో. 'జంగిల్ బుక్' విడుదల సరిగ్గా ఈ రెండు తేదీల మధ్య పడింది. ఆ రోజు థియేటర్లో సినిమా చూసిన విమర్శకుడి పక్క కుర్చీలో ఇండియన్ పిల్లవాడు కూర్చుని ఉండే అవకాశం లేనట్టే. సివనీ అడవి వాళ్ళకి అలీబాబా గుహ లాంటిదే, ఎక్కడా లేని చోటు. మన డాక్టర్లూ ఇంజినీర్లూ విమానాలు దిగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. సినిమాని 1978లో, 1984లో, 1990లో మళ్ళీ మళ్ళీ థియేటర్లకి తెచ్చినప్పుడు కుర్చీల్లో మన పిల్లలు కూడా ఉన్నారు.

ఐరోపా సంగతి వేరే. జర్మనీలో ఈ సినిమాకి దాదాపు 2 కోట్ల 70 లక్షల టిక్కెట్లు అమ్ముడయ్యాయి. అక్కడ ఇంతమంది చూసిన సినిమా మరొకటి లేదు. జర్మనీలో పెరిగిన ఆండ్రియాస్ దేయా చిన్నప్పుడు దీన్ని చూసి, ఎప్పటికైనా డిస్నీలో బొమ్మలు వెయ్యాలని పట్టుబట్టి, నిజంగానే వచ్చి చేరి 'లయన్ కింగ్'లో స్కార్‌ని గీశాడు. బొమ్మలు గీసేవాళ్ళ లోకంలో ఈ సినిమా గౌరవం ఎప్పుడూ తగ్గలేదు. జార్జ్ శాండర్స్ గొంతుకి మిల్ట్ కాల్ గీసిన షేర్‌ఖాన్, ఒళ్ళు విరుచుకుంటూ, ఎవరినీ లక్ష్యపెట్టకుండా, జమీందారులా నడిచొస్తుంటే నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. వేషం వేసిన మనిషిలా కాదు, కండ కదిలే పులిలా ఉంటుంది.

ఇక గొడవంతా కోతుల దగ్గర మొదలైంది. కిప్లింగ్ పుస్తకంలో బందర్‌లోగ్ అనే కోతులకి రాజు లేడు, కట్టుబాటు లేదు. అదే వాటి తెగులు. డిస్నీ వాళ్ళు వాటికి కింగ్ లూయీ అనే రాజుని పెట్టారు. అతను ఒరాంగుటాన్. న్యూ ఆర్లీన్స్ జాజ్ పాడతాడు. మనిషిలా అవ్వాలని కోరిక. మోగ్లీ దగ్గర నిప్పు పుట్టించే రహస్యం తెలుసుకోవాలంటాడు. ఆ పాత్రకి గొంతు ఇచ్చిన లూయీ ప్రీమా తెల్లవాడే, ఇటాలియన్ సంతతి. కాని ఆ పాట తీరు, ఆ విరుపులు నల్లవారి సంగీతం నుంచి వచ్చినవి. మొదట లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అనుకున్నారనీ, నల్లజాతి కళాకారుడి చేత కోతి వేషం పాడిస్తే బాగుండదని మానుకున్నారనీ స్టూడియోలో పనిచేసినవాళ్ళు తర్వాత చెప్పారు. ఆ కథ నిజమైతే ఇబ్బంది ఎక్కడుందో గీసేవాళ్ళకి ముందే తెలుసన్నమాట. మనిషిని మార్చారు, కోతిని మార్చలేదు.

సినిమా వచ్చిన ఏడాదే, మూడు నెలల ముందు, జూలైలో నూవర్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడ్డాయి. పౌరహక్కుల పోరాటం వేడిగా ఉన్న రోజుల్లో తెరమీద ఒక కోతి, నాకు మనిషితో సమానంగా నిలబడాలని ఉంది, నిప్పు ఇవ్వు అని పాడుతోంది! పాట తయారైంది అల్లర్లకి ముందే గనక, తీసినవాళ్ళు దాన్ని దృష్టిలో పెట్టుకున్నారని అనలేం. ఐనా అప్పటి పెద్ద పత్రికలకి ఈ పోలిక తట్టకపోవడం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది. తట్టడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1991లో గ్రెగ్ మెట్కాఫ్ అనే పరిశోధకుడు ఈ సినిమాని అరవయ్యవ దశకపు అమెరికాకి అద్దంగా చదివాడు. 1995లో ఇండియానా విశ్వవిద్యాలయం ప్రెస్ వేసిన 'ఫ్రమ్ మౌస్ టు మెర్మెయిడ్' అనే వ్యాస సంపుటంలో 'సాంగ్ ఆఫ్ ద సౌత్'తో పాటు 'జంగిల్ బుక్'ని కూడా జాతి వివక్ష కోణంలో నిలదీశారు. ఆ తర్వాత కింగ్ లూయీ గురించి మాట్లాడకుండా ఈ సినిమా గురించి మాట్లాడడం కష్టమైపోయింది.

ఈ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. 'పిల్లల సినిమాకి ఇంత రాద్ధాంతమా' అనే వాళ్ళు మనలోనే ఎక్కువ. పిల్లలకి చెప్పే కథలో కోతిని ఎవరి పోలికతో గీశామన్నది చిన్న విషయమెలా అవుతుంది? అయితే ఒకటి. 1967 నాటి మెప్పుదల అమెరికా తనతో తాను మాట్లాడుకున్నట్టు ఉంటే, 1995 నాటి కోపమూ అమెరికా తనతో తాను మాట్లాడుకున్నట్టే ఉంది. నల్లవారూ తెల్లవారూ అనే పాత లెక్కలో కోతి ఎవరో తేల్చారు. ఆ అడవి ఎవరిదన్న సంగతి అక్కడా పెద్దగా రాలేదు.

కిప్లింగ్ పుస్తకాన్ని చదివిన కొందరు విమర్శకులు ఆయన కోతుల్లో చూసింది మరొకరిని. ఎవరి మాటలో వల్లించి, ఎవరి చేతలో అనుకరించి, ఏదీ పూర్తిచెయ్యలేని బందర్‌లోగ్‌లో వాళ్ళకి ఇంగ్లీషు చదువుకున్న ఇండియన్ బాబు కనిపించాడు. అందరూ ఒప్పుకునే మాట కాదు గాని, కిప్లింగ్ మిగతా రాతలు చూసినవాళ్ళు కొట్టిపారేయలేరు. ఆ లెక్కన పుస్తకంలో కోతులు మన తాతలు. సినిమాకి వచ్చేసరికి ఆ వేషం ఇంకొకరికి తొడిగారు. కోతి మనిషిలా నడవాలని, మాట్లాడాలని పాడే ఆ పాటని, మేము అమెరికా వచ్చిన మొదటి ఏడాది నేను మొహం కడుక్కుంటూ అద్దం ముందు 'వాటర్'లోని 'ట' పలకడం సాధన చేసిన రోజుల్లో విని ఉంటే ఎలా ఉండేదో అనుకుంటూ ఉంటాను. ఆ పాటే ఒక దీపావళి కార్యక్రమంలో మన పిల్లలు పదిమంది కలిసి పాడితే అందరం లేచి చప్పట్లు కొట్టాం. బాగా పాడారు కూడా.

సరే, సినిమాలో ఇండియా ఎంత ఉంది? కర్నల్ హాథీ ఏనుగుల దండు బ్రిటిష్ సైన్యానికి వెక్కిరింత. విక్టోరియా క్రాస్ గురించి గొప్పలు చెప్పుకునే ఆ ముసలి ఏనుగు తెల్లదొరే. రాబందులు బీటిల్స్ జుట్టుతో లివర్‌పూల్ యాసలో మాట్లాడతాయి. ఒరాంగుటాన్లు బోర్నియో, సుమత్రా దీవుల్లో ఉంటాయి, ఇండియా అడవుల్లో లేవు. మోగ్లీకి గొంతు దర్శకుడు వుల్ఫ్‌గ్యాంగ్ రైథర్‌మన్ కొడుకు బ్రూస్‌ది. కిప్లింగ్ మోగ్లీ అంటే కప్ప అని అర్థం చెప్పాడు గాని, అలా ఏ భాషలోనూ లేదని తర్వాత ఆయనే అన్నాడు. ఇక మిగిలింది ఆఖరి రెండు మూడు నిమిషాల్లో నీళ్ళకొచ్చే పల్లెటూరి పిల్ల. బొట్టు పెట్టుకుంది, కుండ పట్టుకుంది. నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ వంట చేస్తుంది, నేను పెద్దయితే నా కూతురు నీళ్ళు తెస్తుంది అనే అర్థం వచ్చేలా పాడుతుంది. కావాలని కుండ జారవిడుస్తుంది. మోగ్లీ వెంట వెళ్ళిపోతాడు. స్త్రీవాద విమర్శకులు ఈ ఘట్టాన్ని వదిలిపెట్టలేదు, వదలకపోవడం సబబే. ఆ అమ్మాయికి పేరు కూడా లేదు. 2003లో తీసిన రెండో భాగంలో శాంతి అని పేరు పెట్టారు. ఆ సినిమా పాతదాన్నే మళ్ళీ వడ్డించినట్టుందని సమీక్షకులు తేల్చేశారు. అంతకుమించి చెప్పుకోడానికి దాన్లో ఏమీ లేదు.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా బడిలో ఇండియా గురించి ఒక వారం పాఠాలు పెట్టుకున్నారు. టీచరు మంచి మనిషి. ఉత్సాహంగా గదంతా ఆకుపచ్చ కాగితాలతో తీగలు వేలాడదీసి, బలూ బొమ్మ, కోతుల బొమ్మలు అంటించింది. నేను మా ఊరి ఫోటోలు కొన్ని పట్టుకెళ్ళాను. చెరువుగట్టు, రామాలయం, ఆర్టీసీ బస్సు. ఆవిడ బస్సు ఫోటోని జాగ్రత్తగా రెండు తీగల మధ్య అంటించింది. ఈ బస్సు అడవిలోకి ఎన్నింటికి వెళ్తుందని ఒక పిల్లవాడు అడిగాడట. అదే పిల్లవాడు, మావాడు కలిసి తర్వాత కబ్ స్కౌట్స్‌లో చేరారు. అక్కడ నాయకుణ్ణి 'అకేలా' అంటారు. స్కౌట్ల ఉద్యమం 1916లో చిన్నపిల్లల దళాలు పెట్టినప్పుడు కిప్లింగ్ పుస్తకం నుంచి తీసుకున్న పేరది. హిందీలో ఒంటరివాడని అర్థం. ఇరవైమంది పిల్లలు చుట్టూ మూగి అరుస్తుంటే ఆయన ఎలా ఒంటరివాడయ్యాడో నాకర్థమయ్యేది కాదు.

తొంభైల చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకొచ్చిన తరానికి మోగ్లీ వేరే. వాళ్ళు చూసింది జపాన్ వాళ్ళు 1989లో తీసిన సీరియల్‌ని. 1993లో దూరదర్శన్ దాన్ని హిందీలో, గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ స్వరపరచిన పాటతో, ఆదివారాలు వేసేది. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా ఆ పాట పాడేవారు. నానా పాటేకర్ షేర్‌ఖాన్‌కి గొంతు ఇచ్చాడు. వాళ్ళతో డిస్నీ సినిమా మాట తెస్తే, 'అది డూప్లికేటు సార్, అసలుది మాది' అంటారు. ఇంగ్లీషువాడి పుస్తకం, జపాన్ బొమ్మలు, హిందీ పాట. అసలుదే మరి.

మనవాళ్ళ ఊసు ఈ సినిమా విమర్శలోకి బాహాటంగా వచ్చిన సందర్భంగా నేను చెప్పగలిగింది 2013 షికాగో. మేరీ జిమ్మర్‌మన్ అనే పేరున్న దర్శకురాలు డిస్నీ సినిమానీ కిప్లింగ్ కథల్నీ కలిపి గుడ్‌మన్ థియేటర్లో నాటకం వేసింది. ఇండియా వెళ్ళి వచ్చింది, జాజ్‌తో పాటు మన వాద్యాలు కూడా పెట్టింది. అయితే ప్రదర్శనకి ముందు ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో జాతి వివక్ష, వలసపాలన ప్రశ్నల్ని ఆవిడ తేలిగ్గా తీసిపారేసినట్టు ధ్వనించడంతో దుమారం లేచింది. ఆసియా, మధ్యప్రాచ్య నాటకాలు వేసే సిల్క్ రోడ్ రైజింగ్ సంస్థకి చెందిన జమీల్ ఖూరీ గట్టి విమర్శ రాశాడు. ఆవిడతో కూర్చుని మాట్లాడాడు కూడా. వెక్కిరింతకి గురయ్యే నల్లవారి గురించే కాదు, పాలింపబడిన ఇండియా గురించి కూడా ఆ చర్చలో మాట వచ్చింది. సినిమా వచ్చిన 46 ఏళ్ళకి.

2016లో జాన్ ఫావ్రో తీసిన కొత్త 'జంగిల్ బుక్' ఈ విమర్శలన్నీ చదివిన మనిషి తీసినట్టుంటుంది. కింగ్ లూయీని ఒరాంగుటాన్ కాకుండా, ఎప్పుడో అంతరించిన గైగాంటోపిథెకస్ అనే మహావానరంగా మార్చారు. ఆ జంతువు అవశేషాలు ఆసియాలోనే దొరికాయి గనక భూగోళం లెక్క కొంత కుదిరింది. జాజ్ పాట ఉంచారు గాని పాడినవాడు క్రిస్టఫర్ వాకెన్. నీళ్ళకుండ అమ్మాయి లేదు. మోగ్లీ ఊరికి పోకుండా అడవిలోనే ఉండిపోతాడు. వేల మంది పిల్లల్ని చూసి మోగ్లీగా ఎంచుకున్నది నీల్ సేఠీని, న్యూయార్క్‌లో పుట్టిన ఇండియన్ కుర్రవాణ్ణి. సమీక్షలు ఎక్కువగా మెచ్చుకున్నవి కంప్యూటర్ పనితనాన్ని. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అడవిలో ఒక్క ఆకు కూడా సివనీది కాదు. అంతా లాస్ ఏంజెలెస్‌లో తీశామని వాళ్ళే చివర్లో గర్వంగా వేసుకున్నారు. ఇండియాలో అమెరికా కంటే వారం ముందే, ఏప్రిల్ 8న, తెలుగుతో సహా నాలుగు భాషల్లో విడుదలైంది. అక్కడి సెన్సారు వాళ్ళు జంతువులు మీదికి దూకి పిల్లల్ని భయపెడతాయని 'యు/ఎ' సర్టిఫికెట్ ఇచ్చి నవ్వులపాలయ్యారు. పులులున్న దేశంలో పులి బొమ్మకి హెచ్చరిక!

పెద్దపిల్లవాడైన మా అబ్బాయి ఆ సినిమా చూసి, బఘీరా గురించి ఒక మాట అన్నాడు. 1967 సినిమా అంతా బఘీరా 'నీవాళ్ళ దగ్గరికి పద' అంటాడు, మోగ్లీ 'నేనిక్కడే పెరిగాను, ఇక్కడే ఉంటాను' అంటాడు. 'చిన్నప్పుడు అది చూస్తుంటే బఘీరా అచ్చం నువ్వే అనిపించేది నాన్నా' అన్నాడు. వేసవి సెలవులకి ఇండియా టిక్కెట్లు కొన్నప్పుడల్లా మా ఇంట్లో జరిగిన వాదనలు అవి. ఏ విమర్శకుడూ ఈ సంగతి రాయగా నేను చూడలేదు.

డిస్నీ సంస్థ తన పాత సినిమాల్ని ఇంటర్నెట్ ద్వారా ఇళ్ళకి పంపడం మొదలుపెట్టాక, 1967 'జంగిల్ బుక్' ముందు ఒక హెచ్చరిక చేర్చింది. 2020లో దాన్ని మరింత గట్టిగా రాసి, ఈ సినిమాలో కొందరు మనుషుల్నీ సంస్కృతుల్నీ కించపరిచే చిత్రణలున్నాయనీ, అవి అప్పుడూ తప్పే ఇప్పుడూ తప్పేననీ ఒప్పుకుంది. ఏ సినిమాలో ఏం తప్పో వివరిస్తూ అప్పట్లో నాలుగింటిని ఉదాహరణగా చూపించింది: 'డంబో', 'పీటర్ పాన్', 'ది అరిస్టోక్యాట్స్', 'స్విస్ ఫ్యామిలీ రాబిన్‌సన్'. 'జంగిల్ బుక్' ఆ నాలుగింటిలో లేదు. హెచ్చరిక ఉంది, దేనికో చెప్పలేదు. కోతుల గురించా, కర్నల్ హాథీ గురించా, కుండ పట్టుకున్న పేరులేని పిల్ల గురించా అన్నది చూసేవాళ్ళే ఊహించుకోవాలి. 2025లో ఆ వాక్యాల్ని కూడా కుదించి, సినిమా ముందు నుంచి తీసి వివరాల భాగంలోకి మార్చారని వార్తలొచ్చాయి.